సిరొంచ తాలూకాల మా చేనుల రాళ్ల దిబ్బ: పాత సమాధా, ఉత్త రాళ్ల కుప్పనా?

ప్రాణహిత_ఒడ్డు (సిరొంచ):
అందరికి నమస్తే. మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా. ఊరి పేరు రాస్తలేను, ఏమనుకోకుండ్రి. మా మిర్చి చేనుల ఉత్తరం మూలకు ఒక దిబ్బ ఉన్నది. నట్టనడుమ నా మొల ఎత్తు ఉంటది, అంచులకు పోయినకొద్ది దిగిపోతది. చుట్టూ పెద్ద గుండ్లు గుండ్రంగ పేర్చినట్టు ఉన్నయి. కొన్ని భూమిల కూరుకపోయినయి, మిగిలినయి తలకాయలు బయటపెట్టినయి. తాడు పెట్టి కొలిస్తే ఈ అంచు నుంచి ఆ అంచుకు 40 ఫీట్లు వచ్చింది. ఊళ్లె రాకాసి దిబ్బ అంటరు. మా తాత దాన్ని దున్నలే, మా నాయన దున్నలే. నాగలి విరుగుతదని ఇద్దరు చెప్పిన ముచ్చట ఒక్కటే.

ఇప్పుడు పంపకాలైనయి. ఆ మూల అక్కావాళ్ల వాటాల పడ్డది. బావ ఏమో వానలకు ముందే జేసీబీ పెట్టి సాపు చేస్తా, గుండ్లు బాయి ఒడ్డుకు పనికొస్తయి అంటుండు. కొంచెం ఆగు బావా అని బతిమాలి ఆపిన.

అడిగేది రెండే. ఇది నిజంగ పాతకాలపు సమాధేనా? సర్కారుకు చెప్తే భూమి గుంజుకుంటరా?

బండెడ్లు_999:
లంకెబిందెలు గ్యారంటీ. లొకేషన్ పంపు తమ్మీ, విడిగ మాట్లాడుకుందాం. మా దోస్తు దగ్గర మిషిన్ ఉన్నది. పది ఫీట్ల లోపల ఉన్నా బంగారం వేరు, ఇనుము వేరు చూపిస్తది.

నిర్వాహకుడు:
ఈ చర్చలో ఊరి పేరు, సర్వే నంబరు, మ్యాప్ గుర్తు ఎవరూ పెట్టకూడదు, అడగకూడదు. ఫొటో పెడితే వెనక గుట్ట, గుడి, కరెంటు స్తంభం నంబరు పడకుండా చూసుకోండి. తవ్వకాల మిషన్ల బేరాలకు ఇది చోటు కాదు.

కాటోల్_రోడ్ (నాగపూర్):
తమ్ముడూ, నువ్వు చెప్పిన లెక్క చూస్తే నాకు జునాపాణీ కళ్ల ముందుకొచ్చింది. రైల్వేలో పనిచేసి ఇక్కడే ఇల్లు కట్టుకున్నవాణ్ణి. మా ఇంటి నుంచి కాటోల్ రోడ్డున పోతే పెద్ద దూరమేమీ కాదు. అక్కడ గుండ్లతో కట్టిన పాతకాలపు సమాధి వలయాలు గుంపులు గుంపులుగా దాదాపు 300 ఉన్నాయి. రక్షిత స్థలమే కానీ ఆదివారం పోతే నువ్వు, మేకలు, నీడ కోసం ఆగిన లారీవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. కొత్తగా పోయినవాళ్లు "ఏదీ, ఎక్కడుంది?" అని దాని మీద నిలబడే అడుగుతారు. ఎత్తు ఉండదు మరి. నల్లరాతి గుండ్ల అంచు, లోపల గులకరాళ్లు, మొరం, అంతే.

వీటిని మొదట తవ్వించి రాసినవాళ్లలో రివెట్ కార్నాక్ అనే ఇంగ్లీషు అధికారి ఉన్నాడు. ఆయన ఉద్యోగం పురావస్తు శాఖలో కాదు, మధ్య పరగణాల పత్తి కమిషనర్. పత్తి చేలు చూడటానికి తిరుగుతూ ఈ వలయాలు చూసి 1879లో వ్యాసం అచ్చువేశాడు. గుండ్ల మీద వరసగా తొలిచిన చిన్న చిన్న గుంటలు కూడా గమనించి, బ్రిటన్‌లో రాళ్ల మీదా ఇలాంటివే ఉన్నాయని పోల్చాడు. స్వాతంత్ర్యం వచ్చాక 1961-62లో బి.కె. థాపర్ కేంద్ర పురావస్తు శాఖ తరఫున అక్కడ మళ్లీ తవ్వారు.

మీ గుండ్ల మీద అలాంటి గుంటలున్నాయేమో చూడు. పొద్దున్నే, ఎండ ఏటవాలుగా పడేటప్పుడు చూడాలి. మిట్టమధ్యాహ్నం ఏమీ కనపడవు.

చాందా_బొగ్గు (చంద్రపూర్):
సిరొంచ అంటే నాకు రాక్షసిబల్లులే యాదికొస్తయి. సమాధి కాదు, డైనోసార్‌ను పాతిపెట్టినరేమో 😄 ప్రాణహిత ఒడ్డుకున్న కోట ఊరి పేరుమీదనే కదా కోటసారస్ అని పెట్టినరు. హైదరాబాద్ బిర్లా మ్యూజియంల నిలబెట్టిన ఎముకలు అదే. వడధం దిక్కు ఫాసిల్ పార్కు కూడ ఉన్నది.

మట్టిపెంకు:
చాందా గారూ, నవ్వించారు గానీ ఈ కలగాపులగం నిజంగానే జరుగుతుంది. మీ కోట ఎముకలు జురాసిక్ కాలానివి, కోట్ల ఏళ్ల నాటివి. మనం మాట్లాడుతున్న సమాధులు మహా అయితే మూడు వేల ఏళ్ల లోపు. విదర్భ రాతి వలయాలకు మామూలుగా చెప్పే కాలం క్రీ.పూ. 800 నుంచి 400 దాకా, కొంచెం అటూ ఇటూ. ఇనుము బాగా వాడుకలోకి వచ్చిన రోజులు.

చిత్రమేమిటంటే రెండింటినీ పట్టించుకున్న మనిషి ఒకరున్నారు. స్టీఫెన్ హిస్లాప్ అని నాగపూర్‌లో ఉన్న మిషనరీ. అక్కడి హిస్లాప్ కాలేజీ ఆయన పేరుదే. కోట శిలాజాల గురించీ రాశారు, గోండుల మాటలూ పాటలూ సేకరించారు. 1863 సెప్టెంబరులో నాగపూర్ జిల్లా టాకల్‌ఘాట్ దగ్గర రాతి వలయాలు తవ్వుతుంటే చూసి, రాత్రి గుర్రం మీద తిరిగొస్తూ పొంగిన వాగులో మునిగి చనిపోయారు. ఆయన కాగితాలను తర్వాత రిచర్డ్ టెంపుల్ అనే ఇంగ్లీషు అధికారి అచ్చు వేయించారు.

ప్రాణహిత_ఒడ్డు గారూ, పురావస్తు శాస్త్రంలో ఎమ్మే చేశాను. ఫొటో కూడా లేకుండా "అవును, సమాధే" అనలేను. చేలో రాళ్ల దిబ్బ కనపడగానే సమాధి అనుకోకూడదు. దున్నేటప్పుడు తగిలిన రాళ్లను తరాల తరబడి ఒక మూలకు విసిరితే అదీ దిబ్బే అవుతుంది. పాత సున్నపు బట్టీ కూలినా, మట్టి గోడల ఇల్లు కరిగినా దిబ్బే. అందుకని నాలుగు సంగతులు చూసి చెప్పండి. అంచు గుండ్లన్నీ దాదాపు ఒకే సైజువేనా? ఒకదాని భుజం ఒకదానికి ఆనేలా పెట్టారా, ఎడం ఎడంగానా? ఆ రాయి మీ చేలో దొరికే రాయేనా, బయటిదా? దిబ్బ పై పొరలో చేతికి పట్టేంత గులకరాళ్లు ఎక్కువా, మట్టి ఎక్కువా? విసిరిన కుప్పలో చిన్నా పెద్దా కలిసిపోయి ఉంటాయి, అంచంటూ తీరుగా ఉండదు.

పెంకులు దొరికితే తవ్వి తీయొద్దు. పైన కనపడేవి ఉన్నచోటే ఉంచి, పక్కన పెన్ను పెట్టి ఫొటో తీయండి.

ప్రాణహిత_ఒడ్డు (సిరొంచ):
అక్కా, పొద్దున పోయి చూసిన. అంచు గుండ్లు అన్నీ ఒక్కళ్లతోని లేవయి, ఇద్దరు ముగ్గురు కావాలె. దాదాపు ఒక్కటే సైజు. భుజాలు ఆనుకొనే ఉన్నయి, ఒక దిక్కు మాత్రం తెగింది, అటు నుంచి ఎన్కట ఎవలో రాళ్లు ఎత్తుకపోయినట్టున్నది. మా చేను నల్లరేగడి, దానిల ఇసొంటి గుండు ఒక్కటి లేదు. ఎర్రటి ఇసుకరాయి అది, వాగు అవుతల గుట్టకు ఉంటది. నడుమల పిడికెడు పిడికెడు గులకరాళ్లే.

కాటోల్ అన్నా, గుంటలు ఏం కనవడలే. ఇసుకరాయి కదా, పై పొర రాలుతున్నది.

పెంకులు ఇదివరకు దున్నినప్పుడు దిబ్బ కాడికి ఆనుకొని దొరికినయి. లోపల నల్లగ, బయట ఎర్రగ. మూతి దగ్గర బయట కూడ నలుపే. మా అమ్మ "బువ్వ మాడిన కుండ" అన్నది.

మట్టిపెంకు:
మీ అమ్మగారు చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది. అది మాడిన నలుపు కాదు గానీ కాల్చడం వల్ల వచ్చిందే. ఆ కుండలను ఆవంలో బోర్లించి కాల్చారని చాలామంది చెప్పే వివరణ. లోపలికి, మూతి దగ్గరకు గాలి ఆడక నల్లబడింది, గాలి తగిలిన అడుగు భాగం ఎర్రబడింది. నలుపు-ఎరుపు పాత్రలని వీటికే పేరు. విదర్భ నుంచి తమిళనాడు దాకా ఈ కాలపు సమాధుల్లో ఇవి దొరుకుతాయి. ఒక్క పెంకుతో తేల్చలేం, ఎందుకంటే ఈ పద్ధతి వేర్వేరు కాలాల్లో కనపడుతుంది. కానీ గుండ్ల వలయం, బయటి నుంచి మోసుకొచ్చిన రాయి, గులకరాళ్ల పొర, దాని పక్కనే ఈ పెంకు. నాలుగూ ఒక్కచోట ఉంటే నేనైతే జేసీబీని రోడ్డు మీదే ఆపుతాను.

పత్తిచేను (వణీ, యవత్మాళ్):
అందరు మంచిగ చెప్తున్నరు. ఆపుమనుడు అలకన. చేను మీది కాదు కదా. వాళ్ల బావ ఏం పాపం చేసిండు? గజం భూమికి అన్నదమ్ములు కొట్టుకునే రోజులు. ట్రాక్టర్ తిప్పుకునే కాడ ఇసొంటి దిబ్బ ఉంటే ఎంత తిప్పలో దున్నేటోనికే ఎరుక. పైగా పేపర్ల పడితే రేపు బాయి తవ్వనియ్యరు, ఇల్లు కట్టనియ్యరు. మా దిక్కు రైతు నోరు మూసుకొని రాత్రికి రాత్రి సాపు చేసేది అందుకే.

ప్రాణహిత_ఒడ్డు (సిరొంచ):
పత్తిచేను అన్న చెప్పింది అబద్ధం కాదు. బావ అన్నది గిదే. ఆయన మీద నాకు కోపం లేదు.

కాటోల్_రోడ్ (నాగపూర్):
ఎంత భూమి పోతుందో లెక్క చూద్దాం. 40 ఫీట్ల అడ్డం అంటే 1,256 చదరపు ఫీట్లు. గుంట 1,089. అంటే గుంట మీద కొంచెం. చుట్టూ ట్రాక్టర్ తిరగడానికి వదిలినా రెండు గుంటలు దాటదు. అది చిన్నదనను, కానీ జేసీబీ కిరాయి, ఆ రాళ్లు తీశాక మట్టి పోయించే ఖర్చు, ఆ గులకరాళ్ల పొర కింది నేలలో మిర్చి నిలుస్తుందా అన్నది, ఇవి కూడా బావగారి ముందు పెట్టు.

తాడ్వాయి_అడవి (ములుగు):
గోదారికి ఇవతలి ఒడ్డు నుంచి ఒక మాట. మా దామరవాయి కాడ ఉన్నయి వేరే తీరు. అక్కడ గుండ్ల వలయం మీద ఆగలేదు. నాలుగు పక్కల బండలు నిలబెట్టి, పైన ఇంకో పెద్ద బండ కప్పినరు. మావోళ్లు రాక్షస గుళ్లు అంటరు. కొన్నిట్ల రాతి తొట్టి కూడ ఉంటది, మనిషిని పండపెట్టేటంత. పినపాక మండలం జానంపేట దిక్కు కూడ ఇవే. ఆ పట్టీలనే చేతులు చాపినట్టు చెక్కిన నిలువురాళ్లు ఉన్నయి. 1868ల ముల్హెరాన్ అనే ఇంగ్లీషాయన వాటిమీద రాస్తే, అప్పటోళ్లు కొందరు క్రైస్తవ శిలువలు అనుకున్నరు.

నాగపూర్ దిక్కు గుండ్లు, మా దిక్కు పలకలు ఎందుకంటే నాకు తోచింది రాయే. అక్కడ నల్లరాయి గుండ్లుగుండ్లుగ దొరుకుతది. మా దగ్గర ఇసుకరాయి పొరలు పొరలుగ లేస్తది, సందుల గడ్డపార పెడితే బల్లపరుపు బండ వస్తది. సిరొంచల కూడ ఇసుకరాయే కదా. తమ్మీ, దిబ్బ నడుమల ఎక్కడన్న పలక అంచు పొడుచుకొని వచ్చిందా? గులకరాళ్ల కింద పలకల పెట్టె ఉండే తీరు కూడ తెలంగాణల చాన చోట్ల ఉంటది.

ప్రాణహిత_ఒడ్డు (సిరొంచ):
పొడుచుకొచ్చింది లేదన్నా. నడుమ ఒక జిల్లేడు చెట్టు ఉన్నది, దాని మొదట్ల ఏమున్నదో కనవడది.

మట్టిపెంకు:
జిల్లేడును పీకకండి దయచేసి. వేరుతో పాటు కింద పొర కదులుతుంది.

తాడ్వాయి గారి రాయి లెక్క నాకు నచ్చింది కానీ పూర్తిగా ఒప్పుకోను. చంద్రపూర్ జిల్లాలోనే చిమూర్ తాలూకా హీరాపూర్‌లో బండలు కప్పిన సమాధులున్నాయి. నాగపూర్ చుట్టుపక్కల వలయాలు వందల్లో ఉన్నాయి. రాయి ఒక కారణం, ఆ మనుషుల ఆచారం ఇంకో కారణం. మీ సిరొంచ ఈ రెండు తీరులకు మధ్యలో ఉంది. అందుకే అక్కడి దిబ్బ ఒక్కటైనా చెదరకుండా మిగిలితే నాకు ఎక్కువ ఆసక్తి.

గుణుపురం_ఘంట (రాయగడ, ఒడిశా):
మీ అందరి మాటా చదివేను. నాకో అనుమానం తగులుకుంది. మీరు రాయి కనపడగానే రెండువేల ఏళ్లు, మూడువేల ఏళ్లు అని వెనక్కిపోతన్నారు. మా గుణుపురం కొండలమీద సవరలు చనిపోయినోళ్ల పేరున ఇప్పటికీ రాళ్లు పాతుతారు, దున్నపోతును కోస్తారు. గుఆర్ అంటారు దాన్ని. కొరాపుట్‌లో గదబలు చనిపోయినోళ్ల పేరున గొటర్ అని అలాంటిదే చేస్తే ఊరూరా చుట్టాలు దిగుతారు. ఆదిలాబాద్ మార్లవాయిలో గోండుల మధ్య ఉన్న మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ తెలుసుగదా, ఆయనే గదబల, బోండోల రాతి ఆచారాల మీద 1943లో రాసేడు. మీ గడ్చిరోలిలో భామ్రాగడ్ వైపు మాడియా గోండు వాళ్లకీ నిలువురాళ్లు పెట్టే అలవాటు ఉందిగదా?

మరయితే ఆ దిబ్బ ఎవరి తాతముత్తాతలదో ముందు అడగాల గదా, తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి) కంటే ముందు. చరిత్ర కోసం కాపాడమంటన్నారు, బాగానే ఉంది. అది ఒకరి పితరుల చోటు అయితే మన ఫొటోలే తప్పయిపోతాయి.

మట్టిపెంకు:
అడగాలన్న మాటకు నా ఓటు కూడా. నేను ముందే చెప్పాల్సిన సంగతి అది.

కానీ ఇప్పటి రాళ్లను చూపి "ఆ పాత సమాధులూ వీళ్ల పూర్వీకులవే" అనడానికి నేను తొందరపడను. మధ్యలో రెండు వేల ఏళ్లకు పైనే ఉంది. ఈ లోపల జనాలు కదిలారు, కలిశారు, భాషలు మారాయి. సవరలు, గదబల్లో కొందరు మాట్లాడేవి ముండా కుటుంబపు భాషలు, మాడియా ద్రావిడ భాష. రాయి నిలబెట్టే ఆచారం ఇద్దరికీ ఉంది. అంటే ఆచారాన్ని బట్టి వంశం తేల్చడం కుదరదు. పైగా మాడియాల రాయి ఎక్కువగా గుర్తురాయి, నలుగురూ చూసేలా దారి పక్కన నిలబెడతారు. విదర్భ వలయం లోపల మనిషిని, గుర్రాన్ని, ఇనుప సామానును పెట్టి మూసేశారు.

గుణుపురం_ఘంట (రాయగడ, ఒడిశా):
వంశం తేల్చమనలేదు తల్లీ. తేలకపోయినా అడగాల అంటన్నాను.

మట్టిపెంకు:
ఒప్పుకున్నాను అంకుల్ 🙏

చాందా_బొగ్గు (చంద్రపూర్):
గుర్రమా? గుర్రాన్ని కూడ పాతిపెట్టినరా?

మట్టిపెంకు:
అవును. విదర్భ వలయాల ప్రత్యేకత అదే. నాగపూర్ దగ్గర మహుర్‌ఝరిలో 1970 తర్వాత ఎస్.బి. దేవ్ బృందం తవ్వినప్పుడు గుర్రపు ఎముకలు, ఇనుప కళ్లెం ముక్కలు, గుర్రం ముఖానికి కట్టే రాగిరేకు ఆభరణాలు దొరికాయి. జునాపాణీలో, నాగపూర్ జిల్లాలోనే ఉన్న రాయ్‌పూర్ అనే ఊరి వలయాల్లో కూడా గుర్రపు ఎముకలున్నాయి. ఇంకా ఇనుప గొడ్డళ్లు, బాకులు, ఉలులు. ఆ గొడ్డళ్లకు కర్ర ఊడకుండా అడ్డంగా ఇనుప పట్టీలు బిగించారు, అది ఈ ప్రాంతపు పనితనం. మూత మీద పిట్ట బొమ్మలున్న రాగి పాత్రలు, ఎర్రటి కార్నీలియన్ రాతి పూసలు.

జేసీబీ సంగతికి వస్తాను. ఆ రాగిరేకు గుర్రం నెత్తిదని ఎలా తెలిసింది? అది గుర్రం పుర్రె దగ్గర ఉండబట్టి. అదే రేకును బకెట్‌తో ఎత్తి ట్రాలీలో పోసి, తర్వాత ఏరి తెచ్చి మా ముందు పెడితే, వంకర తిరిగిన రాగి ముక్క అంటాం, అంతకు మించి ఒక్క మాట చెప్పలేం. ఏ పొర మీద ఏ పొర ఉంది, కుండ ఎముక కింద ఉందా పైన ఉందా, బొగ్గు ముక్క సమాధి కట్టినప్పటిదా తర్వాత ఎవరో నిప్పేసుకున్నదా, అదంతా ఉన్నచోట ఉంటేనే. ఆ బొగ్గు ముక్కతోనే కార్బన్ పరీక్ష చేసి కాలం చెబుతారు. నాగపూర్ జిల్లాలోనే నైకుంద్ వలయాల పక్కనే ఊరి దిబ్బను కూడా ఓపిగ్గా తవ్వబట్టే ఇనుము కరిగించిన కొలిమి, దానికి గాలి ఊదే మట్టి గొట్టాలతో సహా బయటపడింది. 1978-80 నాటి తవ్వకాలవి. సమాధిలో గొడ్డలి పెట్టినవాళ్లే పక్కన ఇనుము తీస్తున్నారని అలా తెలిసింది.

బండెడ్లు_999:
అంత చెప్పినవు గని బంగారం సంగతి దాచినవు. మహుర్‌ఝరిల బంగారం దొరకలేదా?

మట్టిపెంకు:
దొరికింది, దాచేదేముంది. కొద్దిపాటి ఆభరణాలు, పల్చటి రేకు పని. అన్ని వలయాలు తవ్వితే వచ్చింది అది. మామూలుగా దొరికేది తుప్పు పట్టి ఉబ్బిన ఇనుము, పగిలిన కుండలు, పొడి అయ్యే ఎముక. లంకెబిందెలు నాణేలు పుట్టాక, జనం సొమ్ము దాచుకునే కాలపు కథ. వీళ్లు దాచుకోలేదు, చనిపోయినవాళ్లతో పంపించారు. మీ దోస్తు మిషన్ ఆ దిబ్బ మీద కూయడం ఖాయం. ఇనుముకు.

తాడ్వాయి_అడవి (ములుగు):
మా దగ్గర పైబండలు పక్కకు దొర్లిచ్చి, లోపల మనిషి లోతు తోడి పోయినయి నా కండ్లతోని చూసిన. నిమ్మకాయలు, కుంకుమ, కోడి ఈకలు అక్కడనే పడి ఉన్నయి. వాళ్లకేం దొరికిందో దేవునికెరుక, మనకు దొరికింది గుంత.

సాత్‌బారా (దెగ్లూర్, నాందేడ్):
రెండో ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ తిన్నగా జవాబు చెప్పలేదు. రెవెన్యూ వ్యవహారాలు చూసిన అనుభవంతో చెప్తున్నా.

చెప్పినంత మాత్రాన భూమి పోదు. సాత్‌బారా (మహారాష్ట్రలో భూమి హక్కు పత్రం) మీద పేరు మారదు. ఒక చోటును రక్షిత స్థలంగా ప్రకటించాలంటే, కేంద్రమైతే 1958 చట్టం ప్రకారం ముందు నోటీసు ఇవ్వాలి, అభ్యంతరాలకు రెండు నెలలు గడువు ఉంటుంది. మహారాష్ట్రకు 1960 నాటి సొంత చట్టం ఉంది. ప్రకటించాక కూడా భూమి యజమాని దగ్గరే ఉంచి ఒప్పందం చేసుకునే వీలుంది. పత్తిచేను గారి భయం ఎక్కడిదో నాకు తెలుసు. కేంద్ర రక్షిత స్థలం చుట్టూ 100 మీటర్లు నిర్మాణాలకు నిషేధం, ఆపైన ఇంకో 200 మీటర్లకు అనుమతి కావాలి. ఇది 2010 సవరణ. ఇది ప్రకటించిన స్థలాలకే. చేలో ఉన్న ప్రతి దిబ్బకూ కాదు. రైతులకు ఈ తేడా ఎవరూ చెప్పరు, అందుకే రాత్రికి రాత్రి సాపు చేస్తారు.

ఇక తవ్వితే ఏమవుతుందో బావగారికి చెప్పు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా అమల్లో ఉంది. భూమిలో దాగి ఉన్న పది రూపాయల విలువ దాటిన వస్తువు ఏది దొరికినా కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. తెలపకపోతే దొరికినవాడికి వచ్చే వాటా పోతుంది, ఏడాది దాకా జైలు పడవచ్చు. తెలిసీ సహకరించిన భూయజమానికీ శిక్ష ఉంది. పాత వస్తువు అమ్మబోతే 1972 పురావస్తువుల చట్టం వేరే. కాబట్టి చెప్పడం వల్ల వచ్చే చిక్కుకంటే జేసీబీ వల్ల వచ్చే చిక్కు పెద్దది.

పత్తిచేను (వణీ, యవత్మాళ్):
గిట్ల తీరుగ చెప్తే ఎవలైన వింటరు. గని సాత్‌బారా సాబ్, రెండు గుంటలకు పరిహారం మాట ఏంది? భూమి వానిదే, పన్ను వాడే కట్టాలె, పంట మాత్రం వద్దు.

సాత్‌బారా (దెగ్లూర్, నాందేడ్):
ప్రకటించని స్థలానికి పరిహారం ఇచ్చే పద్ధతి లేదు. మీ అభ్యంతరం న్యాయమే, దానికి నా దగ్గర జవాబు లేదు.

ప్రాణహిత_ఒడ్డు (సిరొంచ):
గుణుపురం పెద్దాయన మాట పట్టుకొని మా ఊరి పక్క గోండుగూడెం పోయిన. అక్కడ ఒక ముసలాయన ఉన్నడు, మా నాయనకు దోస్తు. దిబ్బ మాట ఎత్తంగనే నవ్విండు. "మా రాళ్లు తొవ్వ పొంటి ఉంటయి, ఎవలి రాయి ఎవలిదో మాకు పేరుపేరున ఎరుక. అది మాది కాదు, మాకంటే ముందటోళ్లది. అయితే మేం గొడ్లను అటు తోలం" అన్నడు. ఫొటో తీసుకోవచ్చునా అంటే నీ చేను, నన్నెందుకు అడుగుతవ్ అన్నడు.

సాత్‌బారా సాబ్ రాసింది మొత్తం బావకు చదివి వినిపించిన. 1878 చట్టం కాడ రెండోసారి చదువుమన్నడు. కాటోల్ అన్న చెప్పిన ఖర్చు లెక్క కూడ చెప్పిన. జేసీబోనికి ఫోన్ చేసి వద్దన్నడు. కాని షరతు పెట్టిండు: దిబ్బ అంచు దాకా మిర్చి పెడ్త, ఒక్క సాలు కూడ ఇడువ అని.

మట్టిపెంకు:
అంచు దాకా వద్దని చెప్పగలరా? వలయం బయట కూడా పెంకులు దొరికాయన్నారు. గుండ్లకు ఆనుకుని లోతు దున్నితే అవి కదులుతాయి, ఏటా ఒకటి రెండు గుండ్లు ఒరుగుతాయి. గట్టు వేసినట్టు రెండు మూడు మీటర్లు వదిలితే చాలు. డ్రిప్ పైపులు, బోరు మాత్రం దిబ్బకు దూరంగా.

ప్రాణహిత_ఒడ్డు (సిరొంచ):
మీటరుకు ఒప్పుకున్నడు అక్కా. ఈసారికి అంతే.

కాటోల్_రోడ్ (నాగపూర్):
మీటరైనా మేలే. ఇప్పుడు కాగితం పని. తహసీల్ ఆఫీసుకు ఒక అర్జీ, నకలు నాగపూర్‌లో రాష్ట్ర పురావస్తు శాఖ సహాయ సంచాలకుల ఆఫీసుకు. నాగపూర్ యూనివర్సిటీలో ప్రాచీన భారత చరిత్ర, పురావస్తు విభాగం ఉంది, ఇలాంటి వలయాలు తవ్విన అనుభవం వాళ్లకు దశాబ్దాలది. వాళ్లకూ ఒకటి పంపు. మరాఠీలో రాయాలి, నేను రాసిపెడతాను. కొలతలు, నాలుగు దిక్కుల నుంచి ఫొటోలు, పెంకు ఫొటో, సాత్‌బారా నకలు జతచెయ్యి. సర్వే నంబరు అర్జీలో రాయి, ఇక్కడ రాయకు.

సాత్‌బారా (దెగ్లూర్, నాందేడ్):
అర్జీ మీద బావగారి సంతకం ఉండాలి, నీది కాదు. పేరు ఆయనదే కదా ఇప్పుడు. "తవ్వలేదు, తవ్వబోము, వచ్చి చూడండి" అన్న వాక్యం తప్పకుండా ఉండాలి.

చాందా_బొగ్గు (చంద్రపూర్):
వాళ్లు వచ్చేటప్పటికి మిర్చి రెండు పంటలు తెంపుతవ్, రాసిపెట్టుకో.

ప్రాణహిత_ఒడ్డు (సిరొంచ):
అర్జీ ఇచ్చినం. బావనే వచ్చి సంతకం పెట్టిండు. క్లర్కు మొదలు తీసుకోలే, ఇది ఏ టేబుల్‌దో తెలవది అన్నడు. తలాఠీ మంచోడు, ఆయన చెప్తే తీసుకున్నరు. నాగపూర్‌కు రెండు కవర్లు రిజిస్టర్ పోస్టుల పోయినయి. కాటోల్ అన్నా, నీ మరాఠీకి దండం.

సాత్‌బారా (దెగ్లూర్, నాందేడ్):
ఆవక్ నంబరు (అర్జీ అందినట్టు ఆఫీసు వేసే నంబరు) వేయించుకున్నావా? నకలు మీద ముద్ర, తేదీ ఉండాలి. అది లేకుంటే ఇచ్చినట్టు కాదు.

ప్రాణహిత_ఒడ్డు (సిరొంచ):
ముద్ర ఉన్నది, నంబరు లేదు. సోమవారం మళ్ల పోయి ఏపిస్త.